కణేకల్ గట్టు మీద గుండెదడకి మందు

అనంతపురం జిల్లా అంటే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? కరువు. అంతేగా! ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ పడితే పడినట్టు, లేకపోతే లేదు. అలాంటి జిల్లాలో పడమటి అంచున, బళ్ళారి సరిహద్దుకి దగ్గరగా కణేకల్ అనే ఊరుంది. అక్కడ చెరువుగట్టు ఎక్కి చూశారంటే కనుచూపు మేర నీళ్ళు. గట్టు కింద పచ్చగా వరి. నీళ్ళలో ఒంటికాలి మీద కొంగలు. "ఇది అనంతపురమేనా, దారి తప్పి కోనసీమకి గానీ వచ్చామా?" అనిపిస్తుంది మొదటిసారి వచ్చినవాళ్ళకి.

ఆ భ్రమ ఎంతోసేపు నిలవదు లెండి. వేదవతి ఏరు వైపు వెళ్ళండి. దాన్నే హగరి అని కూడా అంటారు. ఏట్లో నీళ్ళకి బదులు ఇసుక. ఆ ఇసుకని గాలి ఎత్తుకొచ్చి పొలాల్లో పోస్తుంది. పక్కనే ఉన్న బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు దగ్గర ఇసుక దిబ్బలు చూస్తే రాజస్థాన్ ఎడారి ఫోటోలు గుర్తొస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ గాలి ఉధృతం చెప్పనలవి కాదు. ఒకవైపు చెరువు, ఇంకోవైపు ఎడారి... రెండూ పక్కపక్కనే. తెలుగూ కన్నడమూ కూడా అంతే, ఒకే నోట్లో, ఒకే వాక్యంలో!

చెరువులో నీళ్ళు కణేకల్ ఆకాశం నుంచి పడినవి కావు. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యామ్ నుంచి ఎగువ కాలువ మోసుకొచ్చినవి. ఊళ్ళో దాన్ని 'హెచ్చెల్సీ' అంటారు, ఇంటి మనిషిని పిలిచినట్టు. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఇక్కడ ఆడవాళ్ళు సీరియళ్ళు కూడా కట్టేసి వార్తలు చూశారట. ఆ ఏటి వరి, ఆ ఏటి బియ్యం అన్నీ ఆ గొలుసుకే వేలాడుతున్నాయి మరి. కన్నయ్య నాయుడుగారనే రిటైరైన తెలుగు ఇంజనీరు సలహాతో, పారే నీళ్ళలోనే వారం రోజుల్లో ఉక్కు పలకలు దింపి అడ్డు కట్టారు. ఊరు ఊపిరి పీల్చుకుంది.

నేను మీకు చెప్పబోయేదీ ఒక గొలుసు సంగతే. కాకపోతే ఇది కుక్క మెడలో వేసే గొలుసు. నవ్వకండి!

మా అత్తగారి ఊరు కణేకల్. ఆ ఏడు దసరాకి అందరం అక్కడ చేరాం. బెంగుళూరు నుంచి మా ఆడపడుచు వచ్చింది, వెంట కుక్కని పెట్టుకుని. ముధోళ్ జాతి ఆడకుక్క. మన బాసర దగ్గరి ముధోల్ కాదు, కర్ణాటకలో బాగల్‌కోట జిల్లా ముధోళ్. పొడుగాటి కాళ్ళు, సన్నటి నడుము, కోల మొహం, లెక్కపెట్టుకోడానికి వీలుగా పక్కటెముకలు! అందుకే దానికి జింకి అని పేరు పెట్టింది. ఈ జాతి కుక్కల్ని ముధోళ్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే పెంచి పోషించి, ఇంగ్లండు రాజు ఐదవ జార్జికి ఒక జతని కానుక ఇచ్చాడు. 2005లో మన తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల స్టాంపులు వేస్తే అందులో ఇదొకటి. మద్రాసులో ఉన్న కెనల్ క్లబ్ ఆఫ్ ఇండియా లెక్కల్లో దీని పేరు 'కారవాన్ హౌండ్'.

మా అత్తగారు గుమ్మంలోనే నిలబడి దాన్ని ఎగాదిగా చూశారు. "ఏమే, దీనికి అన్నం పెడతాండావా, ల్యాదా?" అన్నారు. పడసాల దాటి లోపలికి రాకూడదనే షరతు మీద చోటు దొరికింది.

ఆడపడుచు రెండేళ్ళుగా దాన్ని డాగ్ షోలకి తీసుకెళుతోంది. మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. హైదరాబాద్ కెనైన్ క్లబ్ లాంటి సంస్థలు పెద్ద నగరాల్లో, ఎక్కువగా చలికాలంలో, ఈ పోటీలు పెడతాయి. తాడు కట్టిన చదరపు మైదానం ఉంటుంది, దాన్ని రింగ్ అంటారు. మీ చేతికి నంబరు కట్టుకుని, కుక్కని ఎడమపక్క నడిపించుకుంటూ మిగతావాళ్ళతోపాటు గుండ్రంగా తిరగాలి. తర్వాత ఒక్కొక్కరినీ జడ్జిగారు పిలుస్తారు. కుక్క కదలకుండా నిలబడాలి. ఆయన దాని పెదవి ఎత్తి పళ్ళు చూస్తారు, వీపు మీద, కాళ్ళ మీద చెయ్యి వేసి చూస్తారు, నడిపించి చూస్తారు. అంతా కలిపి రెండు మూడు నిమిషాలే. ఆ రెండు మూడు నిమిషాల కోసం నెలల తరబడి స్నానాలు, నడకలు, మాంసాలు, మందులు!

"కుక్కని పట్టుకుని నడవడానికి భయమెందుకు, నడిచేది అదేగా?" అంటారా? అలాగే అనేవారు మా ఆడపడుచు అత్తగారింట్లో కూడా. కానీ ఆమెకి షో ముందు రోజు రాత్రి నిద్ర ఉండదు. పొద్దున్నే వాంతి. రింగ్‌లోకి వెళ్ళే ముందు అరచేతులు తడిసి గొలుసు జారిపోతుంది. అయినా పళ్ళు బిగించి లోపలికి వెళుతుంది. అప్పుడు జింకి తోక ముడుచుకుని కాళ్ళ మధ్య పెట్టుకుంటుంది. జడ్జి చెయ్యి చాపగానే వెనక్కి గుంజుకుంటుంది. అసలే ఈ జాతికి కొత్తవాళ్ళు ముట్టుకుంటే గిట్టదు. నాలుగు షోల్లో నాలుగుసార్లు ఇదే. ఆఖరిసారి జడ్జి పళ్ళు చూడకుండానే పక్క కుక్క దగ్గరికి వెళ్ళిపోయారట.

ఇంటికొచ్చాక భర్త, "డబ్బు పోతే పోయింది, నీకెందుకొచ్చిన అవస్థ, మానెయ్" అన్నాడట. ప్రేమగానే అన్నాడు. కానీ ఆమెకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఇల్లు, పిల్లలు, వంట కాకుండా తనదంటూ ఆమె మొదలుపెట్టింది ఇదొక్కటే. దాన్ని కూడా మానెయ్యాలా? కణేకల్ వచ్చేసరికి ఆమె దాదాపు మానేసే నిర్ణయంలోనే ఉంది. ఇంకో రెండు నెలల్లో షో. ఫీజు కట్టాలో వద్దో తేల్చుకోలేక సతమతమవుతోంది.

ఒక రాత్రి మిద్దె మీద పడుకుని చెనిక్కాయలు వొలుచుకుంటూ నాతో అసలు సంగతి చెప్పింది. "వదినా, చేతికి నంబరు కట్టగానే నాకు ఏం గుర్తొస్తుందో తెలుసా? పెళ్ళిచూపులు. తొమ్మిది సంబంధాలొచ్చాయి నాకు. 'కొంచెం నడువమ్మా' అన్నారొకరు. పేపరు చదివించారొకరు. పళ్ళు కాస్త ఎత్తని ఒకరు వెళ్ళిపోయారు. ఇప్పుడు జడ్జి జింకి పెదవి ఎత్తుతాడు చూడు... నా పెదవే ఎత్తినట్టు ఉంటుంది."

నేను ఏమీ అనలేకపోయాను. మీరైతే ఏమంటారు? నడిపించి చూడడం, నిలబెట్టి చూడడం, పళ్ళు, జుట్టు, రంగు... మనలో ఎంతమంది ఆ రింగ్‌లో నిలబడి రాలేదు! 'నలుగురిలో నవ్వులపాలు కాకు' అన్న మాట వింటూ పెరిగాం. ఆ నలుగురూ ఎవరో ఇంతవరకు ఎవరూ చూపించలేదు గానీ, వాళ్ళ భయం మాత్రం ఎముకల్లో ఉంది. మగవాళ్ళకి స్టేజి భయం లేదని కాదు. కానీ మనకున్న భయానికి ఇంకో పొర అదనంగా ఉంది. దాన్ని వదిలేసి 'ధైర్యంగా ఉండు' అని చెబితే ఏం లాభం?

ఇక జింకి సంగతి. యజమాని భయపడితే కుక్కకి తెలుస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. తెలుస్తుంది. వాసనతో సహా తెలుస్తుంది! 2022లో ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీవాళ్ళు ఒక ప్రయోగం చేశారు. 36 మందిని కూర్చోబెట్టి, 9000 నుంచి 17 చొప్పున తీసేస్తూ పైకి లెక్కపెట్టమన్నారు. (నన్ను అడిగితే నేను మొదటి లెక్క దగ్గరే లేచి వచ్చేదాన్ని.) ఆ లెక్క ముందు, లెక్క తర్వాత వాళ్ళ చెమట, ఊపిరి గుడ్డలకి పట్టించి సీసాల్లో పెట్టారు. నాలుగు కుక్కలకి ఆ వాసన చూపించి, కంగారు పడినప్పటిది ఏదో పట్టుకోమన్నారు. 720 సార్లకి 675 సార్లు సరిగ్గా పట్టుకున్నాయి. మనిషి మొహం చూడలేదు, మాట వినలేదు, వాసన ఒక్కటే!

స్వీడన్‌లోని లింషోపింగ్ యూనివర్సిటీవాళ్ళు 2019లో ఇంకోటి చెప్పారు. 58 కుక్కల వెంట్రుకలు, వాటి యజమానుల తలవెంట్రుకలు తీసుకుని, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎంతుందో కొలిచారు. యజమానుల్లో అది ఎక్కువుంటే వాళ్ళ కుక్కల్లోనూ ఎక్కువగా ఉంది. పోటీలకి వెళ్ళే కుక్కల్లో ఈ పోలిక ఇంకా గట్టిగా కనిపించిందట. అన్నట్టు, ఆ యజమానులందరూ ఆడవాళ్ళే.

ఈ ముక్క చెబితే ఆడపడుచు ఇంకా కుంగిపోయింది. "అయితే తప్పంతా నాదేనన్నమాట" అంది. చూశారా, మన బుద్ధి ఎటు పరిగెడుతుందో! దీని అర్థం అది కాదు. భయాన్ని కుక్క దగ్గర దాచడం కుదరదు కాబట్టి, దాచే ప్రయత్నమే అనవసరం. దాచడానికి పళ్ళు బిగించి, భుజాలు బిగించి, గొలుసు బిగిస్తాం. కుక్క వాసన చూసి ఊరుకునేదల్లా, ఆ బిగువుతో 'ఇక్కడేదో ప్రమాదముంది' అని రూఢి చేసుకుంటుంది.

ఈ బిగువు సంగతి మాకంటే ముందు కనిపెట్టింది మాత్రం ఊళ్ళో గొర్లు కాసే ఒక తాత. కణేకల్ చుట్టుపక్కల కురుబవాళ్ళ మందలు ఎక్కువ. భుజాన కంబళి, చేతిలో కట్టె, వెనకాల ఒకటో రెండో నాటు కుక్కలు. వరికోత అయ్యాక పొలాల్లో మంద తోలి ఎరువుకి ఆపిస్తారు. దానికి రైతులు డబ్బో ధాన్యమో ఇస్తారు. పొద్దున్నే మేము గట్టు మీద జింకిని నడిపిస్తుంటే, ఆ తాత చెట్టు కింద కూర్చుని రెండు రోజులు ఊరికే చూశాడు. మూడోరోజు పిలిచాడు.

"పాపా, ఆ కుక్క దొంగతనం చేసినాదా?"

"లేదు తాతా!"

"మరి పోలీసోడు పట్టుకున్నట్ల పట్టుకుండావే! తాడు ఇడువు."

ఆ మాటకి నేను పడీపడీ నవ్వాను. ఆడపడుచు నవ్వలేదు. తన చెయ్యి చూసుకుంది. నిజంగానే గొలుసు రెండు చుట్లు చుట్టి, పిడికిలి తెల్లబడేలా పట్టుకుని ఉంది. గట్టు మీద జనం లేరు, జడ్జి లేడు, అయినా!

రాత్రిపూట మంద దగ్గరికి తోడేలు వచ్చిన సంగతి తాత చెప్పాడు. కుక్క లేచి మొరుగుతుంది. అప్పుడు కాపరి కేకలేసి పరుగెత్తాడా, గొర్లు చెదిరి తలోదిక్కూ పోతాయి, తోడేలుకి కావలసింది అదే. "నాకూ బయమే పాపా. గుండె ఈడ కొట్టుకుంటాది" అని గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాడు. "కాలు మాత్రం మెల్లగ ఏస్తా. నా కాలు జూసి కుక్క నిలబడతాది. కుక్కను జూసి గొర్లు నిలబడతాయి."

ఆ తర్వాత ఉపాయం ఆడపడుచుకే తట్టింది. తాత దగ్గర కంబళికి వడికిన ఉన్ని దారం ఒక జానెడు ఉండ అడిగి తెచ్చుకుంది. అసలు గొలుసు ఊళ్ళో కుక్కల భయానికి ఎలాగూ ఉండాలి కదా, దాన్ని బాగా వదులుగా వేలాడనిచ్చింది. జింకి పట్టీకి ఉన్ని దారం ఇంకొకటి కట్టి, దాని కొస రెండు వేళ్ళతో పట్టుకుని నడిచింది. గుంజితే పుటుక్కున తెగుతుంది. తెగకుండా గట్టు ఆ చివరిదాకా వెళ్ళి రావాలి. మొదటిరోజు పదకొండుసార్లు తెగింది. చూపు ముందుకు పెట్టి, నడుస్తూ నాలుగడుగులకి ఊపిరి లోపలికి, ఆరడుగులకి బయటికి అని లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాక తగ్గింది. ఇందులో మంత్రం ఏమీ లేదు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకని వదలడం పొడుగ్గా ఉండాలి. నాలుగోరోజు ఒక్కసారే తెగింది, అదీ గేదెలు అడ్డొచ్చి.

మీరూ మీ కుక్కతో ఇలా చేయదలుచుకుంటే తెల్లవారుజామునే చెయ్యండి. కణేకల్‌లో పొద్దెక్కితే ఇసుక కాలిపోతుంది. చేతి వెనకభాగం నేలకి ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే, కుక్క పాదాలకీ అది కష్టమే.

నడక కుదిరింది. పళ్ళు చూపించడం ఎలా? దానికి జనం కావాలి. కొత్త జనం. కణేకల్‌లో దానికి కొదవ లేదు! కాలువ దగ్గర బట్టలు ఉతికే ఆడవాళ్ళు, బడి వదిలిన పిల్లలు, బస్టాండులో టీ తాగేవాళ్ళు... బెంగుళూరులో ఎవరినైనా 'మా కుక్క పళ్ళు చూస్తారా' అని అడిగితే పోలీసుల్ని పిలుస్తారు. ఇక్కడ వాళ్ళే వచ్చి అడిగారు.

మొదటిరోజు కాలువ దగ్గర ఒకామె, "ఏమక్కా, ఎముకలు బయటబడ్తాండాయి, కూడు ఎయ్యవా?" అంది. అందరూ గొల్లున నవ్వారు. మా ఆడపడుచు మొహం ఎర్రబడింది. నవ్వులపాలు అంటే అదే కదా మరి! నేను చటుక్కున చెయ్యి పట్టుకున్నాను, వెనక్కి తీసుకొద్దామని. ఆమె కదల్లేదు. అక్కడే బండ మీద కూర్చుని, "ఇది పరుగెత్తే జాతి అక్కా, పందెపు ఎద్దుకి పొట్ట ఉంటుందా?" అని మొదలుపెట్టింది. ఎముకలెందుకు కనబడాలి, కాళ్ళెందుకంత పొడుగు, మొహం ఎందుకంత కోల... అన్నీ చెప్పింది. పది నిమిషాల్లో ఆ నవ్విన ఆమే తడిచేతులు చీరకి తుడుచుకుని వచ్చి, "ఏదీ, పండ్లు సూపీ" అంది.

పక్కనుండి చూస్తే నాకు అర్థమైంది ఒకటుంది. జింకి గురించి చెబుతున్నంతసేపూ మా ఆడపడుచుకి తన మొహం, తన చీర, తన పళ్ళు గుర్తు లేవు. అందరి కళ్ళూ కుక్క మీద ఉన్నాయి, ఆమె కళ్ళు కూడా. రాత్రి తనే అంది, "వదినా, పెళ్ళిచూపుల్లో చూసింది నన్ను. రింగ్‌లో చూసేది నన్ను కాదుగా! నేను చూపించేదాన్ని." ఈ చిన్న తేడా పట్టుకోడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. ఎవరైనా చెప్పి ఉంటే వినేదో లేదో, చెప్పలేను.

కొత్తవాళ్ళ చేత ముట్టించడానికీ ఒక పద్ధతుంది. తల మీద నుంచి చెయ్యి దింపితే కుక్క బెదురుతుంది. పక్కనుంచి వచ్చి, ముందు వాసన చూడనిచ్చి, గడ్డం కింద నుంచి చెయ్యి పెట్టాలి. మొదటిరోజు ఒక్క క్షణం పెదవి ఎత్తి వదిలేసి, వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క. మర్నాడు రెండు క్షణాలు. బలవంతం పనికిరాదు. వెనక్కి తగ్గితే ఆ రోజుకి అంతే. ఎనిమిదో రోజుకి బస్టాండులో కండక్టరుగారు విజిల్ వేస్తుండగానే జింకి నిలబడి పళ్ళు చూపించింది. బడిపిల్లలు కంచాలు వాయించి మైకు గోల చేశారు. వాళ్ళకి అదో పండగ!

ఇక వంటింటి విషయానికి వస్తాను. భయపడే రోజున పొద్దున ఏం తినాలి? అసలేమీ తినకుండా కాఫీ మీద కాఫీ తాగడం మనలో చాలామందికి అలవాటు. ఖాళీ కడుపున కాఫీ గుండెదడని పెంచుతుంది. మా అత్తగారి మందు ఉగ్గాని. అనంతపురం, బళ్ళారి వైపు పొద్దుటి ఫలారం ఇదే. బొరుగులు నీళ్ళలో ముంచి తీసి గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండితే అయిపోయింది. తేలిగ్గా ఉంటుంది, కడుపులో నిలుస్తుంది. పక్కన మిరపకాయ బజ్జీ కూడా ఉండాలంటారు గానీ, పోటీ రోజున బజ్జీ వద్దు! కుక్కకి మాత్రం ఉగ్గాని పెట్టకండి. ఉల్లిపాయ కుక్కలకి విషం. ద్రాక్ష, కిస్‌మిస్, చాకొలెట్ కూడా అంతే. ప్రయాణం, రింగ్ ఉన్న పూట దానికి చాలా కొద్దిగా పెట్టి, మిగతాది సాయంత్రం పెట్టడం మేలు.

ఇంకో సంగతి. భయం వేసినప్పుడు 'శాంతించు, శాంతించు' అని మనసుకి చెప్పుకుంటాం కదా, అది అంతగా పనిచేయదట. అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాట పాడే ముందు, ఉపన్యాసం ఇచ్చే ముందు, లెక్కలు చేసే ముందు 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి అనుకున్నవాళ్ళే మిగతావాళ్ళకంటే బాగా చేశారు. ఆలోచిస్తే సబబుగానే ఉంది. పండక్కి పుట్టింటికి బయల్దేరేటప్పుడు కూడా గుండె అలాగే కొట్టుకుంటుంది, అరచేతులు అలాగే చెమరుస్తాయి, రాత్రి నిద్ర అలాగే పట్టదు. ఒంట్లో రెండూ ఒకటే, పేరు పెట్టడంలోనే ఉంది. కొట్టుకునే గుండెని ఆపడం కంటే దానికి పేరు మార్చడం తేలిక.

కొందరు ఇలాంటి సందర్భాల్లో గుండెదడ తగ్గించే మాత్రలు ఒకరి దగ్గర్నుంచి ఒకరు అడిగి వేసుకుంటారు. వద్దండీ. ప్రొప్రనొలాల్ లాంటివి ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రమాదం. వారాల తరబడి నిద్ర, తిండి చెడుతుంటే డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. అందులో సిగ్గేమీ లేదు. కుక్కకి మత్తుమందు ఇచ్చి తీసుకెళ్ళడం మరీ అన్యాయం.

పదిరోజుల సెలవులు అయ్యాక, బయల్దేరే ముందు ఆడపడుచు పప్పుల పద్దు పుస్తకంలో ఒక కాగితం చింపి ఏదో రాసుకుంది. బహుమతి రావాలని రాసుకుందేమో అని చూశాను. మూడే ముక్కలున్నాయి. 'దారం తెగకూడదు. పళ్ళు చూపించాలి. ఉగ్గాని.' బహుమతి అన్నది జడ్జి చేతిలో పని. ఆ కాగితంలో ఉన్నవి మూడూ ఆమె చేతిలోవే. అప్పుడే ఫోను తీసి షో ఫీజు కట్టేసింది. మా అత్తగారు ఓళిగలు డబ్బాలో పెట్టి ఇస్తూ, "ఆ కుక్కను పడసాల్లోనే పండుకోబెట్టినా, ఏమీ అనుకోగాకు" అన్నారు. అప్పటికి జింకి అయిదు రోజుల నుంచి ఆవిడ మంచం కిందే పడుకుంటోందన్న సంగతి ఎవరమూ పైకి అనలేదు.

మీరు కణేకల్ చూడాలనుకుంటే, వానాకాలం పోయాక, కాలువ నీళ్ళతో చెరువు నిండి ఉన్న రోజుల్లో వెళ్ళండి. అనంతపురం నుంచి, రాయదుర్గం నుంచి బస్సులుంటాయి. రాయదుర్గం దాకా బళ్ళారి మీదుగా రైలు కూడా ఉంది. అక్కడ కొండ మీద కోట చూసుకుని, బజార్లో జీన్సు బట్టలు బేరమాడి (ఆ ఊరు కుట్టుపనికి ప్రసిద్ధి) కణేకల్ బస్సెక్కవచ్చు. పెద్ద హోటళ్ళు ఆశించకండి. చెరువుగట్టు మీద పొద్దుటి గాలి ఉంది చూడండి, అది చాలు. ఇసుక దిబ్బలకి పిల్లల్ని తీసుకెళితే కళ్ళకి అడ్డంగా గుడ్డలు, నీళ్ళ సీసాలు మర్చిపోకండి.

డిసెంబరులో షో అయిన రోజు సాయంత్రం ఆడపడుచు ఫోను చేసింది. నేను అప్పుడు కణేకల్‌లోనే ఉన్నాను, అత్తగారికి కాలు నొప్పిగా ఉందంటే వచ్చాను. ఆవిడ వినాలని స్పీకరు పెట్టాను. పొద్దున అరచేతులు తడిశాయట, గుండె కొట్టుకుందట, అన్నీ మామూలే. వాంతి మాత్రం కాలేదు. రింగ్‌లో గొలుసు పట్టుకున్న వేళ్ళకి ఉన్ని దారం ముక్క చుట్టుకుందట, గుర్తుకి. జింకి తోక వేలాడింది గానీ ముడుచుకోలేదు. జడ్జిగారు పెదవి ఎత్తారు, పళ్ళు చూశారు, "మంచి పళ్ళు" అని కూడా అన్నారట.

"బగుమానం వచ్చినాదా, ల్యాదా?" మా అత్తగారు ఫోనులోకి అరిచారు.

"మూడోది వచ్చిందమ్మా!"

"ఎంతమందిలో?"

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత నవ్వు మొదలైంది, ఆపుకోలేని నవ్వు.

"నలుగురిలో!"